కొండ మీద పెద్దకూర రొట్టెలు

మొన్న క్రిస్మస్ ముందు నర్సమ్మత్త కంటికి ఆపరేషన్ చేయించుకోవడానికి రంగత్ నుంచి బస్సులో పోర్ట్‌బ్లెయిర్ వచ్చి మా ఇంట్లో దిగింది. చుట్టరికం ప్రకారం ఆవిడ నాకు అత్త కాదు. చిన్నప్పుడు నీళ్ళకి అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్‌లో మా పక్కిల్లు వాళ్ళది. ఇప్పుడు రంగత్‌లో తమ్ముడి కుటుంబం దగ్గర ఉంటోంది. ఆపరేషన్ అయ్యాక డాక్టరు ఆ కంటి మీద ఆకుపచ్చ గుడ్డ వేలాడగట్టి, రెండో కంటిని కూడా ఎక్కువ శ్రమ పెట్టొద్దన్నాడట. అందుకని ఆవిడ రోజంతా వరండాలో మా నాన్న పక్కన కుర్చీ వేసుకుని, చూడాల్సినవన్నీ ముక్కుతోనూ చెవులతోనూ చూసేది. ఒకరోజు నేను కుక్కరు దించగానే లోపలికి కేకేసింది. "ఏటే బుల్లీ, పెద్దకూర అప్పుడే ఉడికీసిందేటి? మీ యమ్మకైతే రాత్రంతా పట్టీది."

పదో తరగతి చదువుతున్న మా జెస్సీ ఫోన్‌లోంచి తలెత్తింది. "రాత్ భర్? సచ్చీ, నానీ? ఇప్పుడు దాన్ని స్లో కుక్డ్ అంటారు. హ్యావ్‌లాక్ దీవిలో బన్నులో పెట్టి టూరిస్టులకి ఇస్తారు, మాలూమ్?" నర్సమ్మత్త నవ్వింది. "మీ యమ్మమ్మ కూడా రొట్టెలోనే పెట్టీది పిల్లా. టూరిస్టులకి గాదు, ఊరందరికీ." జెస్సీ నా వైపు చూసింది. ఆ సంగతి దానికి నేనెప్పుడూ చెప్పలేదని అప్పుడే నాకు తట్టింది. అమ్మ పోయేనాటికి అది చాలా చిన్నది. తెలుగు గలగలా మాట్లాడుతుంది గాని చదవడం రాదు. కాబట్టి ఇది రాయడమూ నేనే, దానికి చదివి వినిపించడమూ నేనే.

మా నాన్న దానియేలు పోర్ట్‌బ్లెయిర్ పక్కనే ఉన్న చాతంలో రంపపు మిల్లులో పని చేసేవాడు. పొద్దున్నే ఫెర్రీలో అవతలికి వెళ్ళి సాయంత్రం ఫెర్రీలో తిరిగొచ్చేవాడు. ఆయన వస్తున్నాడని చూడక్కర్లేదు, వాసన చెప్పేసేది. పడాక్ కలప కోసిన రోజున చొక్కా మీద ఎర్రటి పొడి, ఏదో మసాలా దినుసు దంచినట్టు కొంచెం ఘాటుగా, కొంచెం తియ్యగా వాసన. గర్జన్ కలప కోసిన రోజున నూనె జిడ్డు లాంటి వాసన. వారానికోసారి బస్తాడు రంపపు పొట్టు భుజాన వేసుకుని దిగేవాడు. మా వంటంతా ఆ పొట్టు మీదే. మూత తీసేసిన పాత తారు డబ్బాకి అడుగున పక్కగా ఒక కన్నం కోసి, మధ్యలో ఒక సీసా నిలబెట్టి, కన్నంలోంచి ఒక గుండ్రటి కర్ర దూర్చి, చుట్టూ పొట్టు వేసి పిడికిలితో కూరాలి. తర్వాత సీసానీ కర్రనీ నెమ్మదిగా తిప్పుతూ లాగేస్తే లోపల సొరంగం లాంటి దారి మిగులుతుంది. కింద నిప్పంటిస్తే అది మంటలా మండదు, తనలో తాను కాలుతూ ఉంటుంది. గట్టిగా కూరిన పొయ్యి రాత్రి అంటిస్తే తెల్లారినా ఆరదు. వదులుగా కూరితే గోడ కూలి, ఇల్లంతా పొగ. అందుకే క్రిస్మస్ పొయ్యి కూరే పని నాన్న ఎవరికీ వదిలేవాడు కాదు. ఒక్కో గుప్పెడూ వేసి, అరచేత్తో అదిమి, మళ్ళీ వేసేవాడు. పసిపిల్లని జోకొడుతున్నట్టు ఉండేది ఆ చప్పుడు.

కుండ మాత్రం అమ్మది. మా అమ్మ పేరు సువార్త. పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని అజమాయిషీ చేసేది మా మామ్మ, అంటే నాన్నకి తల్లి. మామ్మ శ్రీకాకుళం తీరం నుంచి పెళ్ళికూతురుగా ఓడెక్కి వచ్చిన మనిషి. నలభై ఏళ్ళు ఈ దీవుల్లో ఉన్నా అడ్డచుట్ట మానలేదు. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని, పొగ లోపలే దాచుకుని, పెదవులు బిగించి మాట్లాడేది. పాస్టరు గారు వస్తున్నారంటే మాత్రం చుట్ట తీసి గోడ సందులో గుచ్చేసేది. ఆయనకి వాసన తెలిసేది, ఆవిడకి ఆయనకి తెలుసని తెలిసేది, ఇద్దరూ ఏమీ అనుకునేవారు కాదు. మాంసం కాలి పిక్క దగ్గరిదే కావాలనేది మామ్మ. తెల్లటి జిగురు నరాలున్నదైతేనే రాత్రంతా ఉడికాక వెన్నలా విడిపోతుందని. అమ్మ దాన్ని పెద్ద పెద్ద ముక్కలుగానే ఉంచి, ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి, దొడ్లో తీగ నుంచి కోసి ఎండబెట్టిన మిరియాలు, దాల్చిన చెక్క, కొంచెం సిర్కా, అదే వెనిగరు, పట్టించి, అడుగున ఉల్లిపాయలు పరిచి పేర్చేది. నీళ్ళు పోయనిచ్చేది కాదు మామ్మ. "దాని నీళ్ళు దానికే ఉంటాయే. నువ్వు పోసేదేటి?" అనేది. మూత చుట్టూ గోధుమపిండి ముద్ద అంటించేవాళ్ళు. ఆ తర్వాత ఎవరూ మూత తెరవకూడదు. ఆ రాత్రి మేం ఆ వాసనలోనే పడుకునేవాళ్ళం.

ఇది క్రిస్మస్ రోజు వంట కాదు, మర్నాటిది. క్రిస్మస్ నాడు అందరిళ్ళలోనూ బిర్యానీ, కేకు, గులాబీ పువ్వులు ఉంటాయి. ఎవరింటికి వెళ్ళినా కడుపు నిండే ఉంటుంది. మర్నాడు మాత్రం అందరూ అలిసిపోయి పొయ్యి వెలిగించడానికి బద్ధకిస్తారు. ఆ రోజుకి అమ్మ రొట్టెలు. బజారులో బేకరీ ఉన్న మలబారీ ఆయన హంజా కాకా తెల్లవారుజామున కాల్చిన పొడుగు డబల్ రొట్టెలు పంపేవాడు. అమ్మ మాంసాన్ని గరిటె వెనకతో నొక్కితే దారాలు దారాలుగా విడిపోయేది. రొట్టెని పొడుగ్గా చీల్చి, లోపలి వైపు ఆ రసంలో ఒకసారి అద్ది, మాంసం నింపి, పైన సన్నగా తరిగిన ఉల్లిపాయా నిమ్మరసం వేసి, ముక్కలుగా కోసి పంచేది. సంఘం వాళ్ళకి, ఫెర్రీ మీద పనిచేసేవాళ్ళకి, హంజా కాకా ఇంటికి, దారిన పోతూ పలకరించినవాళ్ళకి. పక్కింటి నర్సమ్మత్త వాళ్ళు హిందువులు, పెద్దకూర ముట్టరు. వాళ్ళకి వేరే గిన్నెలో వండిన కోడిగుడ్ల కూర, మాంసం తగలని కత్తితో కోసిన రొట్టె. ఆ కత్తిని అమ్మ ఏడాదంతా వేరే గూట్లో దాచేది. ఎందుకమ్మా ఇంత అని నేనోసారి అడిగితే, "పెట్టేటప్పుడు తినేవాళ్ళ నోరు సూడాలే, మన చెయ్యి కాదు" అంది.

నేను ప్లస్ టూ చదువుతున్న ఏడు క్రిస్మస్ మర్నాడు ఆదివారం వచ్చింది. ఆరాధన అయ్యాక చర్చి ముందే రొట్టెలు పంచుదామని అమ్మ పెద్ద కుండ తీసింది. నాన్న పొయ్యి కూరి అంటించి, ఆఖరి ఫెర్రీకి చాతం వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఆయనకి కాపలా పని. పొద్దున్న మొదటి ఫెర్రీకి వచ్చేస్తానని, పిండి మూత తానొచ్చాకే పగలగొట్టమని చెప్పి వెళ్ళాడు.

తెల్లవారింది. అమ్మ పొయ్యి దగ్గరుంది. నేను జడ వేసుకుంటున్నాను. మొదట రేకుల కప్పు గలగలమంది. పిల్లి అనుకున్నాను. తర్వాత నేల కదిలింది. దీవుల్లో పుట్టిన మాకు భూకంపం కొత్త కాదు, ఊగి ఆగిపోతుంది. ఇది ఆగలేదు. అమ్మ మామ్మని రెక్క పట్టి బయటికి లాక్కొచ్చింది. కొబ్బరి చెట్లు గాలి లేకుండా ఊగుతున్నాయి. మేం ముగ్గురం వాకిట్లో చేతులు పట్టుకుని నేల మీద కూర్చున్నాం, నిలబడడం కుదరక. ఆగాక అందరూ ఒకరినొకరు పలకరించుకుంటున్నారు. గోడ బీటలిచ్చిందని ఒకరు, అద్దం పగిలిందని ఒకరు. అప్పుడు నర్సమ్మత్త మొగుడు ఆటో వదిలేసి పరిగెత్తుకుంటూ వచ్చాడు. "కాలవలో నీళ్ళు ఎదురు పారతన్నాయి. పానీ ఆ రహా హై. కొండెక్కండి, చలో చలో." మా ఇంటి వెనక కాలువ ఎప్పుడూ సముద్రం వైపే పోయేది. వెనక్కి తిరిగి చూస్తే అది మా వైపు వస్తోంది. పెద్ద అల ఏమీ కాదు. పొంగుతున్న పాలలా, చప్పుడు లేకుండా, ఎక్కడా ఆగకుండా.

జనం చేతికందినవి పట్టుకుని పరిగెత్తారు. ఎవరో కుట్టుమిషన్ మోశారు, ఎవరో మేకని. నర్సమ్మత్త ఇద్దరు పిల్లల్నీ చెరో చంకనా వేసుకుంది. అమ్మ లోపలికి వెళ్ళి గోనెపట్టాలతో ఆ కుండ చెవులు పట్టుకుని బయటికొచ్చింది. "ఓ పక్క పట్టుకోవే" అంది. నేను పట్టుకున్నాను. మామ్మ కర్ర పొడుచుకుంటూ వెనక నుంచి దారంతా తిడుతూనే ఉంది. "ఇల్లు ములిగిపోతంటే కుండ అట్టుకొచ్చావేటే? బుర్రుందా నీకు?" అమ్మ రొప్పుతూ, "మరేటి అట్టుకురమ్మంటావు అత్తా? చేతికి అదే దొరికింది" అంది. కుండ వేడికి నా వేళ్ళు కమిలాయి. కొండ మీద చెట్ల మధ్య చదునుగా ఉన్న చోట దించాక వెనక్కి చూస్తే, మా ఇంటి రేకుల కప్పు మాత్రమే కనిపిస్తోంది, నీళ్ళ మీద పరిచిన చాపలా. జెట్టీ ఉండాల్సిన చోట జనం లేరు. ఫెర్రీ లేదు. అవతల చాతం ఒడ్డు కనిపిస్తోంది గాని, ఇంత దూరం నుంచి మనుషులు కనిపించరు. అమ్మ చాలాసేపు అటే చూసింది. ఆ ఊళ్ళో సగం మందికి అవతలి ఒడ్డున ఎవరో ఒకరు ఉన్నారు.

మధ్యాహ్నానికి పిల్లలు ఆకలికి ఏడవడం మొదలైంది. కిందకి దిగడానికి ఎవరికీ ధైర్యం లేదు, నేల ఇంకా ఉండుండి వణుకుతోంది. అప్పుడు హంజా కాకా ఇద్దరు కొడుకులతో వచ్చాడు. ఆదివారం ఆరాధన కోసం అమ్మ చెప్పి ఉంచిన రొట్టెలు, తన కొట్టులోవి, అన్నీ రేకు డబ్బాల్లో మోసుకొచ్చాడు. అమ్మ ముందు దించి, "లో దీదీ. సబ్ కో దో" అన్నాడు. అందరికీ పెట్టమని. అమ్మ కుండ వైపు చూసింది. పిండి మూత ఇంకా పగలలేదు. నాన్న చెప్పిన మాట నాకూ గుర్తుంది, ఆవిడకీ గుర్తుంది. మామ్మే ముందుకొచ్చి కర్రతో ఆ పిండి మీద ఒక్కటి కొట్టింది. ఆవిరి లేచింది. అంత భయంలో ఉన్న జనం కూడా కుండ వైపు తిరిగారు. మిరియాలూ దాల్చిన చెక్కా కలిసిన ఆ వాసనకి నాకు క్రిస్మస్ అన్న మాట గుర్తొచ్చి, అది నిన్ననే అయిందంటే నమ్మకం కలగలేదు.

కత్తులు లేవు. రొట్టెలు చేత్తోనే చీల్చాలి. అమ్మ మాంసం చిదిపి నింపుతుంటే, చీల్చిన రొట్టె తెరిచి పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. నేను కమిలిన వేళ్ళతో పట్టుకోలేకపోతున్నాను. నర్సమ్మత్త పిల్లల్ని మామ్మ ఒళ్ళో కూర్చోబెట్టి వచ్చి, "ఇలా తే" అని నా చేతిలో రొట్టె తీసుకుంది. అమ్మ ఆగిపోయింది. "నువ్వెందుకమ్మా, రసం నీ చేతుల మీద కారుతాది" అంది. "కారితే కడుక్కుంటాను వదినా. నువ్వు కానీ" అంది నర్సమ్మత్త. ఆ మధ్యాహ్నమంతా ఆవిడ రొట్టెలు పట్టింది, అమ్మ నింపింది. ఆవిడ పిల్లలకి అమ్మ ముందే ఉత్త రొట్టె తీసి పక్కన పెట్టింది. ఎవరో అరటిపళ్ళు తెచ్చారు, అవి పెట్టుకుని తిన్నారు. బెంగాలీలు, తమిళులు, రాంచీ వాళ్ళు, మలబారీలు, మేము. తినేవాళ్ళు తిన్నారు, తిననివాళ్ళు ఉత్త రొట్టె తిన్నారు. పాస్టరు గారు మా మధ్యే నిలబడి చిన్న ప్రార్థన చేశారు. ఆ రోజు మామ్మ చుట్ట దాచలేదు.

పంచడం మొదలుపెట్టేటప్పుడే అమ్మ ఒక రొట్టె నింపి ఆకులో చుట్టి పక్కన పెట్టింది. అది నాన్న వాటా. రాత్రి గడిచింది. పొద్దున్న మూడు రాళ్ళ మీద ఆ కుండ అడుగునున్న కొంచెం మాంసాన్ని మళ్ళీ వేడిచేసింది, ఆకులో రొట్టెని పొగకి కాచింది. అవతలి వైపు నుంచి కబుర్లు వస్తున్నాయి. జెట్టీలు విరిగాయట, రోడ్డు నీళ్ళలో ఉందట. ఎవరికీ సరిగ్గా తెలియదు, అందరూ చెబుతారు. ఎండ ఎక్కాక ఒక కుటుంబం కొత్తగా కొండెక్కి వచ్చింది. ముందు రోజంతా ఇంకో గట్టు మీద చిక్కుకుపోయారట. ఆ ఆడమనిషి చంకలో ఒక పిల్ల. ఏడవడం కూడా మానేసింది, మా అమ్మ చేతుల వైపే చూస్తోంది. ఇచ్చేందుకు ఆ పొట్లమూ, కుండ అడుగున ఉన్నదీ తప్ప ఇంకేమీ లేదు. అమ్మ ఆకు పొట్లం చేతిలోకి తీసుకుంది గాని విప్పలేదు. దాన్ని విప్పితే ఏమవుతుందని ఆవిడ అనుకుందో అప్పుడు నాకు తెలియదు, ఇప్పుడు తెలుసు. మామ్మ ఆవిడ పక్కన వచ్చి కూర్చుంది. "ఇచ్చీయే" అంది. "ఆడు రాకపోతే గదా ఇది దాచుకోవాల. ఆడొత్తాడు. ఒచ్చాక మళ్ళీ వండుకుందుము." కొడుకు గురించి ఆ మాట అంటూనే కర్రతో ఆ పిల్లని చూపించింది. అమ్మ పొట్లం విప్పి ఆ పిల్లకి ఇచ్చింది. కుండ అడుగున మిగిలింది ఆ తల్లికి పెట్టింది.

సాయంత్రం ఎండ వాలుతుండగా నాన్న వచ్చాడు. కొండ కింద నుంచి ఎవరో ఎక్కుతున్నారని చూశాం గాని, దగ్గరికి వచ్చేదాకా గుర్తుపట్టలేదు. ఒళ్ళంతా బురద, కాళ్ళకి చెప్పులు లేవు, పాదాలు బొబ్బలెక్కి ఉన్నాయి. పడవలు లేక, ఆయన పోర్ట్‌బ్లెయిర్ నుంచి సముద్రపు పాయ చుట్టూ తిరిగి నేల దారిన వచ్చాడు. మునిగిన చోట పొలాల గట్ల మీదుగా నడిచి, రాత్రి తుష్నాబాద్‌లో ఎవరో రైతు వరండాలో తలదాచుకుని, పొద్దున్న బయల్దేరి మధ్యాహ్నందాకా ట్రాక్టరు మీద, మిగతాది కాలినడకన. మమ్మల్ని ఒక్కొక్కరినీ తడిమి చూసుకున్నాడు. మామ్మ తల నిమిరి, "తిన్నావేట్రా" అని అడిగింది. అప్పటిదాకా ఒక్క కన్నీటి చుక్క రాల్చని అమ్మ ఆ మాటకి కూలబడి ఏడ్చింది. "నీకు ఉంచలేదు" అంటుంది, మళ్ళీ మళ్ళీ అదే మాట. "ఉంచాను, ఇచ్చీసాను. నీకేటీ ఉంచలేదు." నాన్న ఆవిడ పక్కన కూర్చుని, ఖాళీ కుండలోకి ఒకసారి చూసి, వేలితో అంచున అంటిన రసం తీసి నోట్లో పెట్టుకున్నాడు. "ఉప్పు సరిపోయింది" అన్నాడు.

మేం మళ్ళీ ఆ ఇంట్లో ఉండలేదు. నేల కుంగిపోయిందట. నీళ్ళు వెనక్కి పోయినా పోటు వచ్చినప్పుడల్లా వాకిట్లోకి వచ్చేవి. కొన్నాళ్ళు రేకుల షెడ్డులో ఉన్నాం, తర్వాత ఇవతలి ఒడ్డుకి వచ్చేశాం. నర్సమ్మత్త వాళ్ళు రంగత్ వెళ్ళిపోయారు. మరుసటి క్రిస్మస్‌కి షెడ్డు ముందు నాన్న పొయ్యి కూరాడు, అమ్మ రొట్టెలు పంచింది, మొదటిది నాన్న చేతిలో పెట్టి ఆయన తినేదాకా ఎదురుగా నిలబడింది. బతికున్నంత కాలం అలాగే చేసింది. ముందు మామ్మ పోయింది, తర్వాత అమ్మ. పొట్టు తెచ్చేవాళ్ళూ లేరు, ఇప్పుడు గ్యాసు వచ్చింది. కుక్కరు నాలుగు కూతలు కూస్తే మాంసం మెత్తబడుతుంది. మెత్తబడుతుంది గాని విడిపోదు. జెస్సీ బస్సు కొంచెం ఆలస్యమైతే ఫోన్ చేస్తాను. అది విసుక్కుంటూ, "మమ్మీ, ఆ రహీ హూఁ నా, వస్తున్నా కదా" అంటుంది. మా అమ్మకి ఆ విసుగు వినే భాగ్యం ఆ రెండు రోజులూ లేదు. ఏది మేలని నన్నడిగితే ఫోనే మేలంటాను. పాత రోజులన్నీ బంగారమని నేను అనుకోను. కానీ ఊళ్ళో ఎవరి నోటికి ఏది పడుతుందో, ఏది పడదో తెలిసిన మనిషి ఒకరుండడం మేలు. అలాంటివాళ్ళు ఇప్పుడు నాకు ఎక్కువమంది తెలియదు.

ఇదంతా నేనూ నర్సమ్మత్తా జెస్సీకి చెబుతుంటే, నాన్న వరండాలో కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఆయన నిద్రపోయాడనుకున్నాను. జెస్సీకి అన్నీ లెక్క కుదరాలి. "తాతయ్యా, ట్రాక్టర్ మధ్యాహ్నానికే దించేసిందంటున్నారు కదా. అక్కడ్నుంచి బాంబూఫ్లాట్ కొంచెమే దూరం. సాయంత్రం దాకా ఏం చేశావ్?"

"నడిచాను" అన్నాడు నాన్న.

"ఇత్నీ దేర్? అంతసేపా?"

"నెమ్మదిగా నడిచాను." కళ్ళు తెరిచాడు. "తుష్నాబాద్‌లో ఒకాయన చెప్పాడమ్మా, బాంబూఫ్లాట్ మొత్తం ఊడ్చుకుపోయిందని. అక్కడిదాకా పరిగెత్తే వచ్చాను. ఆ మాట విన్నాక కాళ్ళు రాలేదు. ఇంటికి చేరీదాకా మీరంతా ఉన్నట్టే గదా. చేరితేనే గదా, ఉన్నారో లేరో తెలిసీది. అందుకని చెట్టు కనపడితే కూచున్నాను, కల్వర్టు కనపడితే కూచున్నాను."

ఇన్నేళ్ళలో ఆయన ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు. "అమ్మకి తెలుసా?" అని అడిగాను.

"చెప్పలేదు. నీ కోసం దారంతా పరిగెత్తుకొచ్చానని చెప్పాను. ఆవిడ నమ్మింది."

జెస్సీ ఫోన్ పక్కన పెట్టి తాతయ్య కుర్చీ దగ్గర నేల మీద కూర్చుంది. నర్సమ్మత్త కంటి మీది ఆకుపచ్చ గుడ్డ సవరించుకుని, నాన్న ఉన్న వైపు ముఖం తిప్పింది.

"అదీ పరుగే లెండి, అన్నయ్యా" అంది.